హిమాలయ కొండసీమల అభివృద్ధి, ప్రకృతి రక్షణ: మన వైఖరి

(కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ఉపన్యాసం పాఠం)



హిమాలయ ప్రాంతంలో, ముఖ్యంగా ఉత్తరాఖండ్ కొండ జిల్లాలలో, ప్రకృతి పరిరక్షణకూ ప్రజల ఆర్థిక, సాంఘికాభివృద్ధికీ పొత్తు ఎట్లా కుదురుతుందన్నది నాకు అప్పగించిన విషయం. ఖాళీల భర్తీ, పెన్షను, కాంట్రాక్టు పద్ధతి వంటి సమస్యలు మన నెత్తిమీద వుండగా కొండలూ చెట్లూ యూనియనుకు ఎందుకని ఎవరైనా అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. అందుకు జవాబు చెప్పిన తరువాతనే అసలు విషయంలోకి వెళ్లడం ఉచితం.

ఆ కొండలతో మన రెండు శాఖలకూ నూటయాభై ఏళ్లకు పైబడిన లావాదేవీ వున్నది. రైలు పట్టాల కింద పరచిన స్లీపర్లు ఆ అడవుల నుండి వచ్చాయి. ఆ కొండ గ్రామాలలో పొయ్యి వెలిగించిన డబ్బు మన తపాలా శాఖ మోసిన మనియార్డర్ల ద్వారా వెళ్లింది. నేడు ఆ కొండల గర్భంలో తొలుస్తున్న అతి పొడవైన సొరంగాలు రైలుమార్గం కోసమే. కనుక మనం గట్టున నిలబడి ప్రవాహాన్ని చూస్తున్న వాళ్లం కాము. ఆ ఖాతాలో మన పేరు వున్నది.

స్లీపరు చెప్పే చరిత్ర

1853లో బొంబాయి, ఠాణాల మధ్య మొదటి రైలు నడిచింది. ఆ తరువాత రైలుమార్గాలు దేశమంతటా అల్లుకుపోయాయి. నేటి మెయిన్ లైనులో కిలోమీటరుకు 1660 స్లీపర్లు వేయడం మీకు తెలిసినదే. ఇప్పుడవి కాంక్రీటువి. ఆ రోజులలో కర్ర స్లీపర్లు వేసేవారు. ఎండకూ వానకూ చెదకూ తట్టుకొని నిలిచే కలప మన దేశంలో ప్రధానంగా మూడు చెట్లది: టేకు, సాల, దేవదారు. దేవదారు హిమాలయాలలో పెరుగుతుంది. ఫ్రెడరిక్ విల్సన్ అనే ఆంగ్లేయుడు టిహ్రీ రాజు దగ్గర అడవిని కౌలుకు తీసుకొని, భాగీరథీ లోయలోని దేవదారు చెట్లను కొట్టించి, దుంగలను నదిలో వదిలి మైదానాలకు చేర్చి అపారమైన ధనం గడించాడు. పట్టాలు పరచే వేగానికి అడవి చాలదన్న భయంతోనే బ్రిటిషు ప్రభుత్వం 1864లో అటవీశాఖను నెలకొల్పింది. 1865లో ఒక చట్టం, 1878లో మరింత కఠినమైన చట్టం వచ్చాయి.

ఇక్కడ ఒక విషయాన్ని గమనించాలి. ఆ చట్టాలు అడవిని కాపాడడానికేనని ప్రభుత్వం ప్రకటించింది. కాపాడింది ఎవరి నుండి? పశువులను మేపుకునే వాడి నుండి, వంటచెరుకు ఏరుకునే స్త్రీ నుండి. నరికినది ఎవరి కోసం? రైలు కంపెనీల కోసం. అంటే పరిరక్షణ అనే మాటను ప్రజల హక్కులను లాక్కోవడానికి వాడుకోవడం నిన్నమొన్నటి పద్ధతి కాదు. పైగా వర్షపు నీటిని పట్టి వుంచి ఊటలకు అందించే బాంజ్ అనే ఓక్ జాతి చెట్టుకు బదులు, బంకా కలపా ఇచ్చే చీడ్ అనే పైన్ జాతి చెట్టుకు అటవీశాఖ ప్రాధాన్యమిచ్చింది. చీడ్ ఆకు ఎండి రాలితే వేసవిలో నిప్పురవ్వ చాలు, కొండంతా అంటుకుంటుంది.

ప్రజలు ఊరుకోలేదు. పర్యటనకు వచ్చే అధికారుల సామాను గ్రామస్థులు మోసి తీరవలసిన ‘కూలీ బేగార్’ అనే వెట్టి ఆ కొండలలో వుండేది. 1921 సంక్రాంతినాడు బాగేశ్వర్ తిరునాళ్లలో వేలాది ప్రజలు గుమిగూడి, ఆ వెట్టి పేర్లు రాసిన రిజిష్టర్లను సరయూ నదిలో పారవేశారు. బదరీదత్ పాండే ఆ పోరాట నాయకులలో ఒకరు. ఆ ఏడే కుమావూ ప్రాంతంలో అటవీ నిబంధనలకు వ్యతిరేకంగా పెద్ద ఆందోళన చెలరేగింది. దాని ఫలితంగానే 1931లో గ్రామస్థులే కొంత అడవిని నిర్వహించుకునే ‘వన పంచాయతీల’కు చట్టబద్ధత లభించింది. అటు టిహ్రీ సంస్థానంలో అటవీ హక్కుల కోసం గుమిగూడిన రైతులపై 1930 మే 30న తిలారీ వద్ద కాల్పులు జరిగాయి. మనం మన మేడే చరిత్రను గుర్తు పెట్టుకున్నట్లే ఈ చరిత్రనూ గుర్తు పెట్టుకోవాలి. వెట్టిని ప్రతిఘటించిన వాళ్లు, అడవిని అడిగిన వాళ్లు ఒకే ప్రజలు.

చిప్కో అసలు కోరిక

చిప్కో ఉద్యమం పేరు మీరందరూ విన్నారు. చెట్లను కౌగిలించుకున్న స్త్రీల బొమ్మలు పాఠ్యపుస్తకాలకు ఎక్కాయి. ఆ బొమ్మ వెనుక వున్న కోరిక మాత్రం మరుగున పడింది. 1973లో చమోలీ జిల్లాలోని ఒక సహకార సంఘం నాగళ్లూ కాడులూ చేసుకోవడానికి కొద్దిపాటి అంగూ చెట్లు కావాలని అడిగింది. అటవీశాఖ నిరాకరించింది. అదే కలపను మైదానంలోని ఒక ఆట వస్తువుల కంపెనీకి కేటాయించింది. నాగలికి లేదు గాని ఆటబ్యాటుకు వున్నది! ఉద్యమం అక్కడ పుట్టింది. ఆ సంఘాన్ని నడిపిన చండీప్రసాద్ భట్ అంతకుముందు మోటారు రవాణా సంస్థలో బుకింగు గుమాస్తాగా పనిచేసిన వాడు. మనవంటి ఉద్యోగి. ఆయన కోరినది అడవికి తాళం వేయమని కాదు. కాంట్రాక్టరు పోవాలి, అడవి మీద మొదటి హక్కు అక్కడి ప్రజలది కావాలి, స్థానిక పరిశ్రమకు ముడిసరుకు న్యాయమైన ధరకు దొరకాలి అని.

1974 మార్చి 26న రేణి గ్రామంలో గౌరాదేవి నాయకత్వాన స్త్రీలు కాంట్రాక్టరు మనుషులను వెనక్కు పంపారు. ఆ రోజు పురుషులు ఊళ్లో లేరు. భూమికి నష్టపరిహారం ఇస్తామని అధికారులు పిలిస్తే చమోలీకి వెళ్లారు. నాలుగేళ్ల క్రితం 1970లో అలకనంద వరదను చూసిన వాళ్లకు, పైన అడవి పోతే కింద ఊరు పోతుందని ఏ నిపుణుడూ చెప్పనక్కరలేకపోయింది.

తరువాత ఏమి జరిగింది? 1980లో అటవీ సంరక్షణ చట్టం వచ్చింది. సముద్రమట్టానికి వెయ్యి మీటర్లకు పైన పచ్చని చెట్టు నరకడాన్ని నిషేధించారు. 1982లో నందాదేవి ప్రాంతాన్ని జాతీయ పార్కుగా ప్రకటించారు. పర్వతారోహకులకు సామాను మోసి, దారి చూపి బతికిన రేణి, లాతా గ్రామాల వారి ఉపాధి ఒక్క ఉత్తర్వుతో పోయింది. మేత బయళ్లు మూతపడ్డాయి. ఊరికి నీటి గొట్టం వేయాలన్నా, కాలిబాటను రోడ్డు చేయాలన్నా, అడ్డమొచ్చిన పది చెట్లకు ఢిల్లీ అనుమతి కావలసి వచ్చింది. 1988, 89లలో అదే కొండ ప్రజలు రోడ్లకూ నీటి పథకాలకూ అడ్డమైన చెట్లను కొట్టివేసే ఆందోళన నడిపారు. చెట్టును కౌగిలించుకున్న ప్రాంతమే పదిహేనేళ్లకు గొడ్డలి పట్టింది. ఇందులో వైరుధ్యం లేదు. రెండు సందర్భాలలోనూ కోరిక ఒక్కటే: మా కొండ గురించి నిర్ణయం మమ్మల్ని అడిగి చేయండి అని.

మనియార్డరుపై బతికిన సీమ

ఇక రెండవ వైపు, జీవనం. కొండవాలున మెట్లుమెట్లుగా చెక్కుకున్న మళ్లు అవి. ఒక కుటుంబం పొలం అనేక చిన్న తునకలుగా చెదరి వుంటుంది. ఏడాది పొడుగునా తిండి గింజలు రావు. అందువల్ల పురుషులు సైన్యానికీ, ఢిల్లీ, లక్నో వంటి నగరాల హోటళ్లకూ ఇళ్లకూ ఆఫీసులకూ పనికి పోయారు. నెలనెలా వాళ్లు పంపే సొమ్ముతో ఊళ్లు నడిచాయి. అర్థశాస్త్రవేత్తలు దీనికి ‘మనియార్డరు ఆర్థిక వ్యవస్థ’ అని పేరు పెట్టారు. తపాలా సోదరులకు ఈ పేరు గర్వకారణం కావచ్చు. కొండదారిన మైళ్లు నడిచి ఆ పైకం చేతిలో పెట్టినది మన శాఖా తపాలా ఉద్యోగే. అయితే ఆ పేరులో ఒక విషాదం వున్నది. మనుషులను ఎగుమతి చేసి డబ్బును దిగుమతి చేసుకునే సీమ అని దాని అర్థం. మిగిలిన పనియంతా, అంటే సేద్యం, పశువులు, గడ్డి, వంటచెరుకు, నీళ్లు, స్త్రీల వీపుల మీద పడింది. అడవి ఎంత దూరమైతే ఆ మూట అంత బరువు. చిప్కోలో స్త్రీలు ముందు నిలవడానికి కారణం ఇదే.

1994 ఆందోళనలో కాల్పులకు బలియైన వారి త్యాగం మీద 2000 నవంబరు 9న ప్రత్యేక రాష్ట్రం ఏర్పడింది. కొండలలోనే ఉద్యోగాలు వస్తాయని, బడి, ఆసుపత్రి చేరువవుతాయని ప్రజలు ఆశించారు. 2001, 2011 జనాభా లెక్కల మధ్య పౌరీ గఢ్వాల్, అల్మోడా జిల్లాల జనాభా పెరగలేదు సరికదా, తగ్గింది. అదే కాలంలో మైదాన ప్రాంతపు హరిద్వార్, ఉధమ్‌సింగ్ నగర్ జిల్లాల జనాభా వేగంగా పెరిగింది. ఇప్పుడు మనిషి ఒక్కడే పోవడం లేదు, కుటుంబాన్ని వెంటబెట్టుకొని తాళం వేసి పోతున్నాడు. తాళాలు తుప్పు పట్టిన ఊళ్లకు మనియార్డరు కూడా అక్కరలేదు.

కాబట్టి మైదానంలో, సకల సౌకర్యాలూ అనుభవిస్తూ, ‘కొండను తాకవద్దు’ అని ఉపన్యసించే హక్కు మనకు లేదు. కాన్పు కష్టమైన తల్లిని డోలీలో మోసుకొని రోడ్డుకు చేర్చే వాళ్లకు రోడ్డు వద్దని చెప్పడం పరిరక్షణ కాదు, నిర్దయ. సమస్య అభివృద్ధి కావాలా వద్దా అన్నది కాదు. అభివృద్ధి పేరుతో అక్కడికి వచ్చినది ఏమిటి అన్నది.

పైకి వచ్చినదేమి, కిందికి పోయినదేమి

వచ్చినది ప్రధానంగా విద్యుత్తు, రోడ్డు, యాత్రీకుడు. టిహ్రీ ఆనకట్ట 260.5 మీటర్ల ఎత్తున లేచింది. పాత టిహ్రీ పట్టణం మునిగింది. ఆ నీళ్లలో కొంత ఢిల్లీ గొట్టాలకు, విద్యుత్తు ఉత్తర భారతానికి వెళుతున్నవి. విద్యుత్తులో 12 శాతం ఉచితంగా రాష్ట్రానికి ఇవ్వాలన్న నియమం వున్నది. కాని రాష్ట్ర ఖజానా వేరు, పొలం కోల్పోయిన ఊరు వేరు.

జోషీమఠ్ కథ చూడండి. ఆ పట్టణం గట్టి రాతిపై లేదు. ఎప్పుడో విరిగిపడిన కొండచరియల మట్టీ రాళ్ల దిబ్బపై వున్నది. 1976లో గఢ్వాల్ కమిషనర్ మిశ్రా అధ్యక్షతన ఏర్పడిన కమిటీ ఈ సంగతి స్పష్టంగా చెప్పి, భారీ కట్టడాలు వద్దనీ, పేలుళ్లు వద్దనీ, వాలులోని బండరాళ్లను తొలగించవద్దనీ హెచ్చరించింది. ఆ పైన పట్టణం పెరిగింది, హోటళ్లు లేచాయి. మురుగునీటికి సరియైన దారి లేకపోయింది. సమీపంలో జలవిద్యుత్ సొరంగం తవ్వుతుండగా 2009 డిసెంబరులో యంత్రం భూగర్భ జలపొరను ఛేదించింది. రోజుకు ఆరేడు కోట్ల లీటర్ల నీరు బయటికి ఉబికింది. 2023 జనవరి నాటికి ఎనిమిది వందలకు పైగా భవనాలు బీటలు వారాయి. కారణాలలో దేనికెంత పాలు అన్న వాదం నిపుణులు చేయవచ్చు. హెచ్చరిక నలభై ఆరేళ్లు ఫైలులో పడి వున్నదన్న విషయంలో వాదం లేదు.

2013 జూన్ 16, 17 తేదీలలో కేదారనాథ్ ప్రళయంలో వేలమంది మరణించారు. మన తెలుగు జిల్లాల యాత్రీకులు కూడా ఎందరో అందులో చిక్కుకున్నారు. సుప్రీంకోర్టు ఆదేశంపై ఏర్పడిన రవి చోప్రా కమిటీ, పరిశీలించిన 24 జలవిద్యుత్ పథకాలలో 23 పథకాలు ప్రకృతికి కోలుకోలేని హాని చేస్తాయని 2014లో నివేదించింది. అయినా 2016లో ప్రారంభించిన చార్‌ధామ్ రోడ్డు విస్తరణలో దాదాపు 900 కిలోమీటర్ల మార్గాన్ని 53 ముక్కలుగా విడదీశారు. వంద కిలోమీటర్లకు మించిన విస్తరణకే పర్యావరణ అధ్యయనం కావాలన్నది నియమం. ప్రతి ముక్కా వందకు లోపే. రోడ్డు ఒక్కటే, అధ్యయనం సున్న!

2021 ఫిబ్రవరి 7న పర్వత శిఖరం నుండి రాయీ మంచూ విరిగిపడి రిషిగంగ ముంచుకొచ్చింది. అది గౌరాదేవి ఊరు రేణి పక్కనే. రెండు జలవిద్యుత్ పథకాలు దెబ్బతిన్నాయి. రెండు వందల మందికి పైగా చనిపోయారు, గల్లంతయ్యారు. వారిలో అత్యధికులు ఆ పథకాలలో పనిచేస్తున్న కార్మికులు. దూరాన శిఖరం విరిగిన క్షణానికీ కింద సొరంగంలోకి బురద దూసుకువచ్చిన క్షణానికీ మధ్య కొంత వ్యవధి వున్నది. ఆ వ్యవధిలో మోగవలసిన గంట మోగలేదు. గంట లేదు కనుక.

కొండ భద్రత, కార్మికుడి భద్రత ఒకే పద్దు

మిత్రులారా, నేను ఈ ఉపన్యాసంలో చెప్పదలచిన ముఖ్య విషయానికి ఇప్పుడు వస్తున్నాను. పర్యావరణం అనే పద్దు ఒకటి, కార్మిక సంక్షేమం అనే పద్దు మరొకటి, ఒకటి పెరిగితే ఒకటి తరుగుతుంది అని యాజమాన్యాలు మనకు నేర్పజూస్తాయి. ఆ లెక్క తప్పు. కొండను అధ్యయనం చేయకుండా తవ్వే చెయ్యి, కార్మికుడికి తప్పించుకునే దారి లేకుండానే లోపలికి పంపుతుంది. రెంటికీ మూలం ఒక్కటే: త్వరగా, చౌకగా పూర్తి కావాలన్న తొందర.

2023 నవంబరు 12, దీపావళి రోజు. చార్‌ధామ్ మార్గంలోని సిల్‌క్యారా సొరంగంలో కప్పు కూలి 41 మంది కార్మికులు లోపల చిక్కుకున్నారు. దాదాపు నాలుగున్నర కిలోమీటర్ల సొరంగం అది. తప్పించుకునే మార్గం మంజూరైన పథకంలో వున్నది, కాని కూలిన నాటికి నిర్మాణం కాలేదు. లోపలి వాళ్లు ఝార్ఖండ్, ఉత్తరప్రదేశ్, బీహార్, ఒడిశా, పశ్చిమ బెంగాల్, అస్సాం వంటి రాష్ట్రాల వలస కార్మికులు. పెద్ద యంత్రం శిథిలాలలో విరిగిపోయింది. చివరి పది పన్నెండు మీటర్లు చేతులతో తవ్వి, నవంబరు 28న అందరినీ ప్రాణాలతో బయటికి తెచ్చినది ఎవరు? బొగ్గు గనులలో ఎలుక బొరియల వంటి సందులు తవ్వే విద్య నేర్చిన అతి బీద కార్మికులు. ఆ పద్ధతి ప్రాణాంతకమని 2014లో జాతీయ హరిత ట్రిబ్యునల్ నిషేధించినది. నిషేధం న్యాయమే. కాని దేశపు ఇంజనీరింగు ప్రతిష్ఠను ఆ రోజు నిలబెట్టినవి ఆ చేతులే. వాళ్లకు పూలదండలు వేశారు. శాశ్వతమైన ఉద్యోగ భద్రతను మాత్రం ఏ సొరంగ కార్మికుడికీ ఇవ్వలేదు.

కాషన్ ఆర్డరు ప్రగతి నిరోధకమా?

ప్రకృతి రక్షణ నియమాలు అభివృద్ధికి అడ్డమని వాదించే వారికి రైల్వే కార్మికుడు చెప్పగల జవాబు ఒకటి వున్నది. ఘాట్ సెక్షనులో వానకు కట్ట మెత్తబడిందని గ్యాంగ్‌మన్ కబురు చేస్తే ఏమి చేస్తాం? కాషన్ ఆర్డరు ఇస్తాం. డ్రైవరు వేగం తగ్గిస్తాడు. బండి ఆలస్యమవుతుంది. కట్ట బాగైన తరువాత ఆర్డరు రద్దవుతుంది. ఆ గ్యాంగ్‌మన్‌ను ప్రగతి నిరోధకుడని ఎవరూ అనరు. రాత్రి లాంతరు పట్టుకొని వర్షాకాలపు గస్తీ తిరిగే అతని మాటకు విలువనివ్వడం వల్లనే వేలమంది నిద్రపోతూ ప్రయాణం చేయగలుగుతున్నారు. కొండ గ్రామస్థుడు తన ఊరికి గ్యాంగ్‌మన్ వంటి వాడు. ఊట ఎప్పుడు సన్నగిల్లిందో, గోడలో గీత ఎప్పుడు పడిందో ముందు అతనికి తెలుస్తుంది. 1976లో మిశ్రా కమిటీ ఇచ్చినది కాషన్ ఆర్డరే. దానిని అందుకొని కూడా వేగం తగ్గించని డ్రైవరును మనం ఏమంటాం?

ఇప్పుడు మన ఇంటి విషయం. రిషీకేశ్ నుండి కర్ణప్రయాగ వరకు 125 కిలోమీటర్ల రైలుమార్గం చేపట్టారు. అందులో నూరు కిలోమీటర్లకు పైగా సొరంగాలలోనే సాగుతుంది. దేవప్రయాగ, జనాసూల మధ్య పద్నాలుగున్నర కిలోమీటర్ల సొరంగాన్ని 2025 ఏప్రిల్‌లో రెండవ కొసకు తొలిచారు. దేశంలోనే పెద్ద రైలు సొరంగాలలో అది ఒకటి. ఆ పని చేసిన ఇంజనీర్లనూ కార్మికులనూ మనం మనసారా అభినందించాలి.

ఈ మార్గాన్ని మనం వ్యతిరేకించాలా? వ్యతిరేకించరాదని నా అభిప్రాయం. కొండ ప్రజలు రైలు కోరుతున్నారు. ఒక రైలు మోసే జనాన్ని బస్సులలో, కార్లలో మోయాలంటే రోడ్డును ఇంకా వెడల్పు చేయాలి, ఇంకా కొండను కోయాలి. రైలు వచ్చిన తరువాత కూడా రోడ్డు విస్తరణ అదే జోరున సాగితే మాత్రం ఆ వాదనకు అర్థం వుండదు. మరొక వైపు, సొరంగాల మీది గ్రామాలలో ఇళ్లు బీటలు వారాయనీ, ఊటలు ఎండాయనీ ఫిర్యాదులు పత్రికలలో వచ్చాయి. హిమాలయ ప్రాంతంలో దాదాపు సగం ఊటలు ఎండిపోతున్నాయని నీతి ఆయోగ్ 2018లో నివేదించింది. ఆ కొండలలో ఊట అంటే చెరువు, బావి, కుళాయి అన్నీ అదే. ఆ ఫిర్యాదులను ‘ప్రజలకు తెలియదు’ అని కొట్టివేసే రైల్వే అధికారి వైపున నిలబడడం మన సంఘానికి తగదు.

ఈ ప్రశ్న హిమాలయానికే పరిమితం కాదు. తూర్పు కనుమల మీదుగా కొత్తవలస, కిరండూల్ లైను వేసినది ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు దించడానికి. ఆ లైను నడిపిన సోదరులు ఈ సభలోనూ వుండవచ్చు. ఆ కనుమలలోనే గిరిజన భూముల గురించి 1997లో సమత తీర్పు వచ్చింది. ప్రైవేటు కంపెనీలకు గిరిజన ప్రాంతపు భూమిని గనుల కోసం కౌలుకివ్వడం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. 2013లో ఒడిశా నియమగిరిలో పన్నెండు గ్రామసభలు ఒకదాని తరువాత ఒకటి బాక్సైటు తవ్వకాన్ని నిరాకరించాయి. అడిగితే ప్రజలు ఆలోచించి జవాబు చెబుతారనడానికి ఇవి నిదర్శనాలు. అడగడమే జరగడం లేదు.

మన కోర్కెలు

వైఖరి చెప్పి ఊరుకుంటే చాలదు. చర్చ కోసం ఈ క్రింది కోర్కెలను మీ ముందు వుంచుతున్నాను.

ఒకటి. కొండ ప్రాంతంలో ఏ పథకమైనా ముక్కలుగా కాక, లోయ మొత్తాన్ని ఒకటిగా తీసుకొని అధ్యయనం చేయాలి. రోడ్డు, ఆనకట్ట, రైలు ఒకే వాలు మీద వుంటే మూడింటి బరువూ కలిపి లెక్క కట్టాలి. నివేదికను అక్కడి ప్రజల భాషలో గ్రామసభ ముందు వుంచాలి.

రెండు. పేలుడు మొదలు కాకముందే ప్రతి ఇంటి స్థితిని, ప్రతి ఊట ప్రవాహాన్ని నమోదు చేయాలి. తరువాత నష్టం కలిగితే సొరంగం వల్ల కాదని నిరూపించే బాధ్యత నిర్మాణ సంస్థదే కావాలి. గోడ కూలిన ముసలమ్మ భూగర్భశాస్త్రం చదివి కోర్టుకు ఎక్కాలనడం అన్యాయం.

మూడు. తప్పించుకునే మార్గం, హెచ్చరిక గంట, రక్షణ సామగ్రి సిద్ధం కానిదే ఏ సొరంగంలోనూ షిఫ్టు మొదలు కారాదు. పని ఆపమని చెప్పే హక్కు అక్కడి కార్మికులకు వుండాలి. ఎన్ని సబ్ కాంట్రాక్టుల కింద వున్నా ప్రతి కార్మికుడి ప్రాణానికీ ప్రధాన యజమానియే జవాబుదారీ. వాళ్లను యూనియనులో చేర్చుకునే బాధ్యత మనది.

నాలుగు. మార్గం పూర్తయిన తరువాత ట్రాకు, సొరంగాల నిర్వహణకు శాశ్వత ఉద్యోగులనే నియమించాలి. అందులో భూమి ఇచ్చిన గ్రామాల యువకులకు, యువతులకు శిక్షణ ఇచ్చి ప్రాధాన్యమివ్వాలి. తన కొండ ధ్వని తెలిసిన వాడికంటే మంచి గస్తీవాడు దొరకడు. వలస ఆగే దారీ అదే.

ఐదు. దేశంలోని తపాలా కార్యాలయాలలో దాదాపు తొంభై శాతం గ్రామాలలోనే వున్నవి. కొండ గ్రామపు శాఖా కార్యాలయాన్ని ఆదాయం గీటురాయిగా పెట్టి తూచరాదు. పెన్షనూ ఉపాధి కూలీ పొదుపూ అందే ఆ కిటికీ మూతపడితే, ఊరు ఖాళీ కావడానికి మరొక కారణం దొరుకుతుంది. గ్రామీణ డాక్ సేవకులను పూర్తిస్థాయి ఉద్యోగులుగా గుర్తించాలన్న మన చిరకాల కోర్కె కొండలలో ఇంకా బలమైనది.

ఆరు. ఉత్తరాఖండ్ భూభాగంలో సుమారు డెబ్బై శాతం అటవీ భూమిగా నమోదై వున్నది. ఆ అడవి నిలవడం వల్ల గంగా మైదానమంతా లాభపడుతున్నది. రాష్ట్రాలకు పన్నుల వాటా పంచేటప్పుడు 14వ ఆర్థిక సంఘం అడవికి 7.5 శాతం, 15వ ఆర్థిక సంఘం 10 శాతం ప్రాముఖ్యం ఇచ్చాయి. మంచిదే. ఆ సొమ్ములో, విద్యుత్ ఆదాయంలో నిర్ణీత భాగం నేరుగా వన పంచాయతీలకు చేరాలి. అడవిని కాపాడే పని ఒక పని. దానికి కూలి వుండాలి. కొండ స్త్రీ ఆ పనిని ఇన్ని తరాలుగా వెట్టిగానే చేస్తున్నది. 1921లో సరయూ నదిలో కలిపినది ఆ వెట్టిలో సగమే.

మిత్రులారా, ఈ కోర్కెలు వినగానే ఖర్చు పెరుగుతుందని, ఆలస్యమవుతుందని యాజమాన్యం అంటుంది. నిజమే, పెరుగుతుంది. ఇప్పుడు ఆ ఖర్చు లేదనుకోవడం భ్రమ. అది జోషీమఠ్ గృహస్థు చెల్లించాడు. తపోవన్ సొరంగంలో మిగిలిపోయిన కార్మికుడి కుటుంబం చెల్లిస్తున్నది. ఖర్చు ఎవరి ఖాతాలో రాయాలన్నదే మన తగాదా. జీతభత్యాల చర్చలలో మనం ప్రతిసారీ అడిగే ప్రశ్న కూడా అదే కదా.

ప్రతి శాఖ వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ ఆరు అంశాలను చర్చించి, మార్పులు చేర్పులతో తీర్మానాలను కేంద్ర కార్యాలయానికి పంపాలని కోరుతున్నాను. కొండ ప్రాంతాలలో పనిచేస్తున్న సభ్యులు తమ సెక్షనులో, తమ డెలివరీ బీటులో కంటబడిన పగుళ్లు, ఎండిన ఊటలు, మూతపడుతున్న కార్యాలయాల వివరాలను తేదీలతో సహా రాసి పంపాలి. యాజమాన్యంతో మాట్లాడేటప్పుడు మనకు అక్కరకు వచ్చేది ఆవేశం కాదు, అటువంటి నమోదు. ఆ పని రేపే మొదలు కావాలి.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!